సీమ కొండలకు ఏ కెమెరా? బాడీ చివర, లెన్సూ స్టాండూ ముందు

కర్నూలు, అనంతపురం, కడప చుట్టుపక్కల ల్యాండ్‌స్కేప్ తీయాలని కెమెరా కొనేవాళ్లు మొదట అడిగేది బాడీ (లెన్సు లేని కెమెరా) గురించే: నికాన్ జెడ్5 మంచిదా, సోనీ ఏ7 మార్క్ 3 మంచిదా అని. అసలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. గుత్తి కోట పైదాకా ఎంత బరువు మోయగలం? వైడ్ లెన్సు ఏది? దానికి ఏ సైజు ఫిల్టరు పడుతుంది? పాడైతే ఏ ఊరికి పంపాలి? ఇవి తేలితే బాడీ దానంతటదే తేలిపోతుంది.

కొండలు పరిగెత్తవు. సెకనుకు ఇరవై ఫ్రేములు, పక్షి కంటిని పట్టుకునే ఆటోఫోకస్, 4కే 120 వీడియో లాంటివాటికి పెట్టే డబ్బు ఇక్కడ వృథా. బాడీలో చూడాల్సినవి కొన్నే. తక్కువ ఐఎస్ఓలో (సెన్సరు సున్నితత్వం తక్కువ పెట్టినప్పుడు) నీడల్ని పైకి లాగితే, అంటే చీకటి భాగాల్ని తర్వాత వెలిగిస్తే, ఫైలు తట్టుకోవాలి. ఎండలో కనబడే స్క్రీను, వంచుకునే వీలు ఉండాలి. బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లలో వరసగా తీయడం) ఉండాలి, బ్యాటరీ నిలవాలి. 2014 తర్వాత వచ్చిన మంచి బాడీల్లో ఇవి దాదాపు అన్నింటికీ ఉన్నాయి. అందుకే కింద చెప్పే సెట్లలో పాత మోడళ్లు కూడా ఉన్నాయి.

నీడల సంగతి ముందు పెట్టడానికి కారణం ఇక్కడి వెలుతురే. తెల్లవారుజామున గండికోట అంచున చూస్తే ఆకాశం అప్పటికే వెలిగిపోతుంటుంది, అడుగున పెన్నా ఇంకా చీకట్లోనే ఉంటుంది. ఆకాశం కాలిపోకుండా ఎక్స్‌పోజ్ చేస్తే లోయ నల్లగా వస్తుంది. దాన్ని ఇంటికొచ్చి కంప్యూటర్లో మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) పైకి తేవాలి. కెనాన్ 1500డీ ఫైలుని అంత లాగితే నీడల్లో రంగు మచ్చలు తేలతాయి. నికాన్ డీ5600 కూడా అదే తరగతి కెమెరా, అదే 24 మెగాపిక్సెళ్లు, కానీ తట్టుకుంటుంది. 1500డీ చేతిలో ఉన్నవాళ్లు దాన్ని అమ్మేయక్కర్లేదు. రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫ్రేములు బ్రాకెట్ చేసి కలుపుకుంటే సరిపోతుంది. చెట్ల కొమ్మలు గాలికి ఊగే చోట మాత్రం ఆ కలపడం తలనొప్పి.

ఇంకో చిక్కు ఎరుపుతో. గండికోట బండల మీద సాయంత్రపు ఎండ పడినప్పుడు మామూలు తెల్ల హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) కుడి అంచుకి తగలకుండా బాగానే కనిపిస్తుంది. అదే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి చూడండి, ఎర్ర గీత ఒక్కటే కుడి గోడకి అతుక్కుని ఉంటుంది. అంటే బండ మీది గరుకు, పగుళ్లు అన్నీ చెరిగిపోయి ఒకే నారింజ ముద్ద వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించి మళ్లీ తీయాలి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే ఆ ఎరుపుని కెమెరా తప్పనుకుని చల్లారుస్తుంది కాబట్టి 5200 కెల్విన్ దగ్గర కట్టేయండి. రా ఫైలే (సెన్సరు ఇచ్చినదాన్ని కెమెరా మార్చకుండా దాచిన ఫైలు) కదా, తర్వాత మార్చుకోవచ్చు అనుకోవచ్చు గానీ, అక్కడికక్కడ హిస్టోగ్రామ్ లెక్క సరిగా ఉండాలంటే ఇదే దారి.

ఇక సెట్లు. తక్కువ ఖర్చులో, పాతవాటిలో మొదట చెప్పాల్సింది డీ5600, దానికి నికాన్ ఏఎఫ్-పీ 10-20 ఎంఎం లెన్సు. బాడీ 465 గ్రాములు, లెన్సు 230. రెండూ కలిపి ముప్పావు కిలో కూడా లేవు. స్క్రీను అన్ని వైపులా తిరుగుతుంది, నేలకి ఆనించి తీసేటప్పుడు బోర్లా పడుకోనక్కర్లేదు. ఈ ఏఎఫ్-పీ లెన్సు డీ90, డీ7000 లాంటి పాత బాడీల మీద ఫోకస్ కాదు. డీ3500 మీద పనిచేస్తుంది గానీ ఆ బాడీలో ఆటో బ్రాకెటింగ్ లేదు, వైరు రిమోట్ పెట్టుకునే దారీ లేదు. ల్యాండ్‌స్కేప్ కోసమైతే ఆ తేడాకి డబ్బు పెట్టి డీ5600కే పోవాలి. కెనాన్ వైపు ఇలాంటి లెన్సు 10-18 ఎంఎం ఎస్‌టీఎం: 240 గ్రాములు, 67 ఎంఎం ఫిల్టరు, ప్లాస్టిక్ మౌంటు. మౌంటు ప్లాస్టిక్ అని భయపడేవాళ్లుంటారు, ఇంత తేలిక లెన్సుకి అది పెద్ద లోపం కాదు.

పాతవాటిలోనే ఇంకో మెట్టు పైన డీ810, 2014 నాటిది. 36 మెగాపిక్సెళ్లు, ఐఎస్ఓ 64 నుంచి మొదలు. నీడల విషయంలో ఇప్పటి కొత్త బాడీల పక్కన కూడా తలొంచుకోదు. బాడీ బ్యాటరీతో 980 గ్రాములు, 18-35 ఎంఎం జీ లెన్సు 385. స్క్రీను కదలదు. అద్దం పైకి లేచే కుదుపు ఉంటుంది కాబట్టి మిర్రర్-అప్‌లో (అద్దాన్ని ముందే లేపి ఉంచే మోడ్) పెట్టి, షట్టరు మొదటి కర్టెన్ ఎలక్ట్రానిక్‌గా ఉండేలా మెనూలో ఆన్ చేసుకోవాలి. అది తెలియక 1/15, 1/8 సెకను దగ్గర ఫోటోలు మసకబారితే లెన్సుని తిట్టుకుంటారు.

కొత్తగా మిర్రర్‌లెస్ కొనేవాళ్లకి నా మొదటి సలహా నికాన్ జెడ్5. 2020లో వచ్చింది, ఆ తర్వాత దాని రెండో తరం కూడా వచ్చింది కాబట్టి మొదటిది చవకగా దొరుకుతుంది. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మంత పెద్ద సెన్సరు), 24 మెగాపిక్సెళ్లు, రెండు కార్డులు, బ్యాటరీతో 675 గ్రాములు. సెకనుకు నాలుగున్నర ఫ్రేములే, పెళ్లి ఫోటోగ్రాఫర్లు దీని మీద మోజు పడకపోవడానికి అదొక కారణం. మనకది లాభమే. అసలు బలం 14-30 ఎంఎం ఎఫ్/4 లెన్సు. 14 ఎంఎం దాకా వెళ్లే లెన్సుల్లో చాలావాటికి ముందు గాజు గుడ్డులా ఉబికి ఉంటుంది, ఫిల్టరు బిగించడం కుదరదు. దీనికి కుదురుతుంది. 485 గ్రాములే. ఫిల్టరు సైజు 82 ఎంఎం కావడమే కొంచెం భారం, ఆ సైజులో మంచి పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టరు), ఎన్‌డీ (వెలుతురుని తగ్గించే నల్ల ఫిల్టరు) రెండూ కొంటే జేబుకి బాగానే తగులుతుంది. రెండో లెన్సుగా 24-200 ఎంఎం, 570 గ్రాములు. మొత్తం కిలో ముప్పావుకి కాస్త లోపు. కిట్‌గా ఇచ్చే 24-50 ఎంఎం లెన్సు గురించి ఎక్కువ ఆలోచించొద్దు, 195 గ్రాముల తేలిక తప్ప దానిలో ఇంకేం లేదు.

సోనీ ఏ7 మార్క్ 3, 2018 మోడల్. ఇది మన జిల్లాల్లో వీడియో వాళ్ల దగ్గర విరివిగా కనిపించే బాడీ, సెకండ్ హ్యాండ్‌లో ఏరుకునే వీలుంటుంది. ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 బ్యాటరీ ఒక్కటే దీన్ని కొనడానికి సగం కారణం. కంపెనీ లెక్క ప్రకారం ఒక్క చార్జికి స్క్రీను మీద 710 ఫోటోలు. ట్యామ్రాన్ 17-28, 28-200 రెండింటికీ ఫిల్టరు సైజు 67 ఎంఎం, కాబట్టి ఒక పోలరైజర్, ఒక ఎన్‌డీ కొంటే రెంటికీ సరిపోతాయి. మూడో లెన్సుగా ట్యామ్రాన్ 70-300 తీసుకున్నా అదే సైజు. ఈ ఒక్క పొదుపుతో మంచి స్టాండ్ వస్తుంది. దీని స్క్రీను మాత్రం నాసిరకం. రిజల్యూషన్ తక్కువ, పైకీ కిందికీ తప్ప వంగదు, నిలువు ఫ్రేము పెడితే వంగినా ఉపయోగం లేదు. మధ్యాహ్నపు ఎండలో మెనూలో సన్నీ వెదర్ వెలుగు పెట్టుకుంటేనే ఏమైనా కనిపిస్తుంది. ఫోకస్ నిర్ణయం వ్యూఫైండర్లో పెద్దది చేసి చూసి తీసుకోండి.

ఫ్యూజీ ఎక్స్-టీ5 వాడేవాళ్లు దాన్ని వదలరు, ఎందుకో తెలుసుకోవచ్చు. 557 గ్రాములు, 40 మెగాపిక్సెళ్లు, స్క్రీను నిలువు ఫ్రేములోనూ వంగుతుంది. 10-24 ఎంఎం, 16-80 ఎంఎం రెండూ ఎఫ్/4, రెండూ 72 ఎంఎం ఫిల్టరు. మొత్తం కిలో నాలుగు వందలు కూడా దాటదు. రెండు ఇబ్బందులున్నాయి. ఎండిన గడ్డి, కంపచెట్లు, దూరపు ఆకుల మీద లైట్‌రూమ్‌లో షార్ప్‌నెస్ ఎక్కువ పెడితే పురుగులు పాకినట్టు గీతలొస్తాయి. సీమలో ఫ్రేములో సగం ఎండు గడ్డే ఉంటుంది మరి. షార్ప్‌నెస్ తగ్గించి డీటెయిల్ పెంచుకోవాలి, లేదా క్యాప్చర్ వన్ వాడాలి. రెండోది, ఫ్యూజీ లెన్సు అద్దెకి కావాలంటే ఊళ్లో అడిగే మనిషి దొరకడం కష్టం.

కెనాన్ ఆర్‌పీ 485 గ్రాములు, 15-30 ఎంఎం లెన్సు 390. ఫుల్ ఫ్రేములో ఇంతకంటే తేలిక సెట్ అరుదు. కానీ నీడలు లాగితే పైవాటి కంటే వెనకబడుతుంది, బ్యాటరీ 250 ఫోటోలకే లెక్క. బడ్జెట్ సాగితే ఆర్8 మెరుగు. దాంట్లో బాడీ స్టెబిలైజర్ (చేతి వణుకుని సరిచేసేది) లేదు, స్టాండ్ మీద దాని అవసరమూ లేదు.

మెగాపిక్సెళ్ల గొడవ ఒక్క మాటలో తేల్చొచ్చు. 24 మెగాపిక్సెళ్ల ఫైలు 300 డీపీఐలో 20 అంగుళాల వెడల్పు ప్రింటు ఇస్తుంది, 45 మెగాపిక్సెళ్లది 27 అంగుళాలు. హాల్లో గోడకి పెద్ద ప్రింటు కట్టించే ఆలోచన లేకపోతే 24 చాలు. అంతకంటే పెద్దది కావాలంటే స్టాండ్ మీద నిలువు ఫ్రేములు వరసగా తీసి అతికించుకోవచ్చు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్లో కట్టేసి, ఒక్కో ఫ్రేములో మూడో వంతు ముందుదానితో కలిసేలా తీయాలి. అప్పుడు పోలరైజర్ తీసేయండి, లేకపోతే ఆకాశం ఒకచోట ముదురు, ఒకచోట లేత పట్టీలుగా వస్తుంది.

ఎంత వైడ్ కావాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. లోయ పెద్దది కాబట్టి లెన్సు ఎంత వైడైతే అంత మంచిదనుకుంటారు. 14 ఎంఎంలో (ఇక్కడి అంకెలు ఫుల్ ఫ్రేముకి) తీస్తే కాళ్ల దగ్గరి బండ ఏనుగంత అవుతుంది, ఎదుటి గోడ సన్నటి గీతవుతుంది. గండికోట లోతు కనబడాలంటే 24 నుంచి 35 ఎంఎం మధ్య బాగుంటుంది, లేదా ఆ రేంజిలో పానోరమా. 14-18 ఎంఎం పనికొచ్చేది ముందు వరసలో చూడదగ్గది ఉన్నప్పుడు: ఓర్వకల్లు రాళ్ల మధ్య నీటి గుంట, బెలుం గుహల లోపలి దారి, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఊడలు. మర్రిమాను దగ్గర కెమెరా ఏమాత్రం పైకెత్తినా ఊడలన్నీ లోపలికి ఒరిగిపోతాయి. బాడీలోని లెవెల్ గీత పచ్చగా మారేదాకా సరిచేయండి.

100 నుంచి 200 ఎంఎం దాకా ఉన్న లెన్సుని చిన్నచూపు చూడొద్దు. పెనుకొండ, రాయదుర్గం వైపు గుట్టల మీద గుట్టలుగా పేర్చినట్టుండే గ్రానైట్ బండలు, రామగిరి గాలిమరలు, నల్లమలలో ఒకదాని వెనక ఒకటి లేత నీలంగా కరిగిపోయే కొండ వరసలు అన్నీ టెలీ పనే. ఎండ ముదిరాక నేల మీద నుంచి వేడి లేస్తుంది. అప్పుడు 200 ఎంఎంలో దూరపు కొండ అంచు అలలు అలలుగా వస్తుంది. దాన్ని ఏ లెన్సూ బాగుచేయలేదు, ఫోకస్ తప్పిందనుకుని సర్వీసుకి పంపొద్దు.

అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం): ఫుల్ ఫ్రేములో ఎఫ్/8 నుంచి ఎఫ్/11, చిన్న సెన్సరులో ఎఫ్/8. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుతురు చెదరడం) వల్ల ఫోటో మొత్తం మెత్తబడుతుంది. ఫుల్ ఫ్రేములో 16 ఎంఎం, ఎఫ్/11 దగ్గర లెక్క ప్రకారం 80 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే 40 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా పదునుగా రావాలి. ఆ లెక్క చిన్న ప్రింట్లకి. కంప్యూటర్లో పెద్దది చేసి చూసేవాళ్లు మీటరున్నర దూరంలో ఫోకస్ పెడితే వెనక కొండ కూడా తృప్తినిస్తుంది.

స్టాండ్ మీద బేరాలాడేవాళ్లే ఎక్కువ. లక్ష రూపాయల కెమెరాని రెండువేల స్టాండ్ మీద గండికోట గాలిలో నిలబెట్టడం చూస్తే భయమేస్తుంది. అంచున చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, గాలి ఉన్నట్టుండి వీస్తుంది. కిలోన్నర నుంచి రెండు కిలోల బరువున్నది, కాళ్లు మూడు లేదా నాలుగు ముక్కలుగా ఉన్నది చూడండి. ఐదు ముక్కలవాటికి చివరి ముక్క పెన్సిలంత సన్నగా ఉంటుంది. నడిమి గొట్టం పైకి లేపొద్దు. బ్యాగు వేలాడదీస్తే అది ఊగి స్టాండ్‌నే ఊపుతుంది, కాబట్టి నేలకి ఆనేలా కట్టాలి. పెన్నా, చిత్రావతి ఇసుకలో పెట్టేవాళ్లకి తిప్పే లాకుల కంటే మడత లాకులు నయం. తిప్పేవాటిలో ఇసుక రేణువు దూరితే కరకరమంటూ పట్టేస్తుంది, విప్పి తుడవాలి. స్టాండ్ మీదున్నప్పుడు స్టెబిలైజర్ ఆఫ్, రెండు సెకన్ల టైమర్ ఆన్. లేపాక్షి, ఒంటిమిట్ట లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో స్టాండ్‌కి అనుమతి కావాలి. బెలుం టికెట్ కౌంటర్ దగ్గరా ముందే అడిగి లోపలికి పోవడం మంచిది. స్టాండ్ వద్దన్న చోటే బాడీ స్టెబిలైజర్ విలువ తెలుస్తుంది.

ఫిల్టర్లలో పోలరైజర్ ఒకటి, ఆరు స్టాపుల ఎన్‌డీ ఒకటి కొంటే చాలు. ఆరు స్టాపులంటే 1/60 సెకను కాస్తా ఒక సెకను అవుతుంది, వానాకాలం అహోబిలం వాగుల్లో నీళ్లు పాలలా రావడానికి అంత చాలు. పది స్టాపులదైతే 1/15 సెకను 68 సెకన్లవుతుంది. ఎండాకాలం సాయంత్రాల్లో అంత పొడవు ఎక్స్‌పోజర్ ఇస్తే సెన్సరు వేడికి ఫోటో నిండా ఎర్రవి, నీలివి చుక్కలొస్తాయి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆన్ చేస్తే పోతాయి, కానీ ప్రతి ఫోటోకి రెట్టింపు సమయం పడుతుంది. పోలరైజర్ సూర్యుడికి అడ్డంగా, తొంభై డిగ్రీల వైపు తిరిగినప్పుడే బాగా పనిచేస్తుంది. 20 ఎంఎం కంటే వైడ్‌లో ఆకాశం మధ్యలో నల్లటి మడుగు కనిపిస్తే తప్పు ఫిల్టరుది కాదు, వాడిన చోటుది.

చాలా కెమెరాల మాన్యువల్‌లో పనిచేసే ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు ఆ గీత దాటేస్తుంది. కారులో, డిక్కీలో వదలొద్దు. బండ మీద నేరుగా పెట్టొద్దు. తెల్ల తువ్వాలు కప్పి నీడలో ఉంచితే సరిపోతుంది. ఏసీ కారు దిగి నేరుగా బెలుం గుహల్లోకి పోతే లోపలి ఉక్కకి గాజు మీద మంచు పడుతుంది. దిగడానికి పావుగంట ముందే ఏసీ కట్టేసి బ్యాగు జిప్పు మూసే ఉంచండి. తుడిస్తే మళ్లీ పడుతుంది, ఆగడం ఒక్కటే మందు.

దుమ్ము ఇంకా మొండిది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు, వీటి తెల్ల పొడి గాలిలో ఉంటుంది. ఎఫ్/11లో ఆకాశం మీద బూడిదరంగు చుక్కలుగా బయటపడేది అదే. లెన్సు మార్చేటప్పుడు గాలికి వీపు పెట్టి, బాడీ మూతిని కిందికి వంచి మార్చండి. సోనీ ఏ7 మార్క్ 4లో ఆఫ్ చేయగానే షట్టరు మూసుకునే సెట్టింగు ఉంది, ఏ7 మార్క్ 3, జెడ్5లలో లేదు. ఆ మూసిన షట్టరు చాలా పల్చనిది, వేలు గానీ బ్లోవరు మొన గానీ తగలనీయొద్దు. నోటితో ఊదితే దుమ్ముకి తోడు తుంపర పడుతుంది, రబ్బరు బ్లోవరు వాడండి.

కొనడం, బాగుచేయించడం దగ్గర ఊరిని బట్టి లెక్క మారుతుంది. అనంతపురం వాళ్లకి బెంగళూరు, కర్నూలు వాళ్లకి హైదరాబాదు, కడప వాళ్లకి చెన్నై దారి. దుకాణంలో చవకగా ఇస్తామంటే ఇండియా వారంటీ కార్డు, జీఎస్టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు మూడూ ఉన్నాయా చూడండి. గ్రే మార్కెట్ (కంపెనీ దారిలో కాకుండా బయట నుంచి తెచ్చిన) సరుకుకి కంపెనీ వారంటీ వర్తించదు. ఊళ్లో పెళ్లి ఫోటోగ్రాఫర్లు ఏ కంపెనీ వాడుతున్నారో గమనించండి. అదే కొంటే బ్యాటరీ, చార్జరు, ఒక రోజుకి లెన్సు దొరుకుతాయి. మూఢం, ఆషాఢం రోజుల్లో ముహూర్తాలు ఉండవు కాబట్టి అద్దె సామాను ఖాళీగా ఉంటుంది. వైడ్ లెన్సు కొనేముందు అద్దెకి తెచ్చి వాడి చూడటానికి అదే అదను.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందన్న లెక్క) అడిగి ఊరుకోకండి. ఎఫ్/16 పెట్టి, ఫోకస్ తప్పించి, తెల్లటి ఆకాశాన్ని ఒక ఫోటో తీసి పెద్దది చేస్తే సెన్సరు మీది దుమ్ము, గీతలు అన్నీ కనిపిస్తాయి. దుమ్ము పోతుంది, గీత పోదు. లెన్సుకి అపర్చర్ పూర్తిగా తెరిచి వెనక నుంచి ఫోను టార్చి కొట్టి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. మన పొడి గాలిలో అది అంతగా పుట్టదు, కోస్తా నుంచి వచ్చిన లెన్సుల్లో మాత్రం తప్పక వెతకాలి. తర్వాత గోడ మీద న్యూస్‌పేపరు అంటించి, స్టాండ్ మీద నుంచి ఎఫ్/5.6లో నిటారుగా తీయండి. నాలుగు మూలల అక్షరాల్లో ఒక మూల మాత్రమే మసకగా ఉంటే ఆ లెన్సు ఎప్పుడో కిందపడింది. ధర ఎంత తగ్గించినా దాన్ని తీసుకోవద్దు.